ఊరి టీవీ నుంచి ఇంటి ఫోన్ దాకా: వెబ్ చదువును చరిత్రగా చదవడం

బోధన, అభ్యసనాలపై వెబ్ టెక్నాలజీ ప్రభావం అనే అంశం ఇస్తే మనలో చాలామంది 2020 లాక్‌డౌన్‌తో మొదలుపెడతాం. తర్వాత లాభాలు ఒక పేరా, నష్టాలు ఒక పేరా, మధ్యలో డిజిటల్ డివైడ్ అనే మాట, చివర్లో స్వయం, దీక్ష పేర్లు. మార్కులు కొన్ని వస్తాయి. కానీ దిద్దేవారి ముందున్న కట్టలో అదే జవాబు వందసార్లు ఉంటుంది. 2021 జీఎస్-2లో గ్రామీణ ప్రాంతాల్లో డిజిటల్ నిరక్షరాస్యత గురించి సూటిగా అడిగారు. 2016 వ్యాసాల్లో డిజిటల్ ఆర్థిక వ్యవస్థ అందరినీ సమం చేస్తుందా, అసమానత పెంచుతుందా అన్నది ఒకటి. ఈ అంశం మళ్లీ వస్తుంది. అందుకే దీన్ని కరెంట్ అఫైర్స్‌గా కాకుండా, యాభై ఏళ్ల చరిత్రగా ఒకసారి చదవండి.

ఈ చరిత్రను చదవడానికి ఒక ప్రశ్న చేతిలో ఉంచుకోండి. పాఠం దూరం నుంచి వస్తుంది, సరే. దాన్ని అందుకునే పరికరం ఎవరిది? దాన్ని ఎవరు కొన్నారు, ఎక్కడ పెట్టారు, పాడైతే ఎవరు బాగుచేస్తారు? నా అభిప్రాయంలో భారతదేశంలో దూరవిద్యా సాంకేతికత కథ అంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. పాఠం పంపే ఖర్చు ఎప్పుడూ ప్రభుత్వమే ఎక్కువగా భరించింది. అందుకునే ఖర్చు మాత్రం మెల్లగా ఊరి నుంచి ఇంటికి మారిపోయింది. ఆ మార్పుపై చట్టసభల్లో పెద్ద చర్చ జరగలేదు, ఎవరూ జీవో ఇవ్వలేదు.

1975: టీవీ బడిలో ఉంది

1975 ఆగస్టు 1న మొదలై సరిగ్గా ఏడాది నడిచిన సైట్ ప్రయోగం మీకు ప్రిలిమ్స్ బిట్‌గా తెలుసు. ఉపగ్రహం అమెరికాది, నాసా పంపిన ఏటీఎస్-6. భూమి మీద యంత్రాంగం, కార్యక్రమాలు మనవి. విక్రమ్ సారాభాయ్ కన్న కల అది. 1969లో ఒప్పందం కుదిరింది, 1971 డిసెంబర్‌లో ఆయన చనిపోయారు, ప్రయోగాన్ని చూడలేదు. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలు: ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా, బిహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్. భాషలు నాలుగు, అందులో తెలుగు ఒకటి. కార్యక్రమాలు తయారుచేసిన మూడు కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. రోజుకు నాలుగు గంటలు: పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు ఊరందరికీ.

మీరు గమనించాల్సింది పరికరం. కోళ్ల గూటికి వాడే తీగ వల లాంటి దానితో చేసిన పెద్ద యాంటెన్నా, దాని కింద ఒక టీవీ సెట్టు. ఊరికి ఒక్కటి, అది కూడా ఎక్కువగా బడిలోనో, అందరూ కూడగలిగే చోటనో. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలతో నడిపారు. సెట్టు చెడిపోతే బాగుచేయడానికి ప్రత్యేకంగా మనుషులను పెట్టారు. అంటే ప్రభుత్వం సిగ్నల్‌తో పాటు దాన్ని అందుకునే చివరి అంచుకు కూడా బాధ్యత తీసుకుంది. ఆ ఏడాదిలోనే టీవీ పాఠాల ద్వారా సుమారు 50 వేల మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు సైన్స్ బోధనలో శిక్షణ ఇచ్చారు. పిల్లలకు చూపించడం ఒక్కటే కాదు, చూపించాక మాట్లాడే మనిషిని తయారుచేయడం కూడా పథకంలో భాగమే.

ఆ కాలాన్ని బంగారు యుగంగా రాయకండి. అది ఎమర్జెన్సీ ఏడాది. సాయంత్రం కార్యక్రమాలు ఎవరి మాట వినిపించాయో వేరే చెప్పక్కర్లేదు. పైగా ఏడాది కాగానే ఉపగ్రహం వెనక్కి వెళ్లిపోయింది. పాఠానికి అలవాటుపడిన ఊళ్లలో చాలావాటికి తెర ఖాళీ అయింది. ఇంకొకరి యంత్రంపై కట్టిన చదువు ఆ యంత్రంతోనే పోతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పనికొస్తుంది.

ఒక చిన్న విశేషం. ఉపగ్రహ ప్రసారాల ఊహను 1945లోనే రాసిన ఆర్థర్ సి. క్లార్క్ అప్పటికి కొలంబోలో స్థిరపడ్డారు. ఇస్రో వాళ్లు ఆయన ఇంటికి కూడా ఒక యాంటెన్నా బిగించారు. శ్రీలంకలో ఆ ప్రసారాలు చూసిన ఇల్లు అది.

మధ్యలో పాతికేళ్లు

1980లను వేగంగా దాటవచ్చు, కానీ మూడు తేదీలు వదలకండి. 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది, దేశంలో మొదటిది. ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో యూజీసీ కంట్రీవైడ్ క్లాస్‌రూమ్ వచ్చింది. 1985లో ఇగ్నో. సార్వత్రిక విశ్వవిద్యాలయాల బలం టీవీ కాదు, పోస్టులో వచ్చే పుస్తకం, ఆదివారం తరగతులు జరిగే స్టడీ సెంటర్. అక్కడ కూర్చునే కౌన్సెలర్‌ను సందేహం అడగవచ్చు. మన పాఠకుల్లో ఉద్యోగం చేస్తూ డిగ్రీ పూర్తిచేసినవారికి ఆ సెంటర్ విలువ నేను చెప్పక్కర్లేదు.

1984-85లోనే క్లాస్ అనే పథకం కింద బ్రిటన్ నుంచి తెచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లను కొన్ని ఎంపిక చేసిన బడుల్లో పెట్టారు. ఆ తర్వాత రెండేళ్లకు, 1987లో, ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ మొదలైంది. దాని లక్ష్యం ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, నల్లబల్ల లాంటి కనీస సామగ్రి. ఒకే దశాబ్దంలో, ఒకే ప్రభుత్వ వ్యవస్థలో ఒక చోట కంప్యూటర్, ఇంకో చోట నల్లబల్ల కూడా లేదు. జవాబులో ఈ రెండిటినీ పక్కపక్కన పెడితే పేరా అవసరం లేకుండా విషయం అర్థమవుతుంది.

2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ వెళ్లింది. కేవలం విద్య కోసమే మనం పంపిన మొదటి ఉపగ్రహం. ఇది ఇంజినీరింగ్ కాలేజీల్లో, ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాల్లో, బడుల్లో పెట్టిన టెర్మినళ్లకు పాఠాలు పంపింది. కొన్నిచోట్ల విద్యార్థి తిరిగి ప్రశ్న అడిగే వీలు కూడా ఉంది. 2010లో దాని సేవ ముగిసింది. అప్పటికే కాలం వెబ్ వైపు తిరిగింది.

వెబ్ వచ్చింది, కానీ ల్యాబ్‌లోకి

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. అంతకుముందు 1986 నుంచే ఎర్నెట్ ద్వారా ఐఐటీలు, ఐఐఎస్‌సీ లాంటి సంస్థలు నెట్‌వర్క్ వాడుతున్నాయి. మన దేశంలో కూడా ఇంటర్నెట్ బజారులోకి రాకముందు విద్యాసంస్థల్లో పుట్టిందని మరిచిపోతాం.

1999 జనవరిలో ఢిల్లీ కాల్కాజీలో, ఒక ఆఫీసు గోడకు రంధ్రం చేసి, మురికివాడ వైపు తిరిగేలా ఒక కంప్యూటర్ పెట్టారు. సుగతా మిత్రా చేసిన ఈ హోల్ ఇన్ ద వాల్ ప్రయోగం ఎథిక్స్ పేపర్ నుంచి వ్యాసం దాకా అందరూ వాడేదే. పిల్లలు టీచర్ లేకుండా తమంతట తామే నేర్చుకున్నారని రాస్తాం. నాకు ఇందులో కొంత అనుమానం ఉంది. పిల్లలు మౌస్ కదపడం, ఫైల్ తెరవడం, ఆటలాడడం ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారు, నిజం. దాని నుంచి టీచర్ అక్కర్లేదనే మాటకు వెళ్లడం పెద్ద దూకుడు. ఇక్కడ మీరు గమనించాల్సింది ఇంకొకటి: ఆ కంప్యూటర్ కూడా వీధిది. గుంపుగా చుట్టూ మూగి, ఒకరు తప్పు చేస్తే ఇంకొకరు సరిచేస్తూ నేర్చుకున్నారు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో తెర ఇచ్చి ఉంటే ఆ ప్రయోగం మనం చెప్పుకునే కథ అయ్యేది కాదేమో.

అసలు విజయగాథ ఎన్‌పీటీఈఎల్. ఏడు ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టాయి. అంతకు రెండేళ్ల ముందు అమెరికాలో ఎంఐటీ తన కోర్సులను ఓపెన్ కోర్స్‌వేర్‌గా ప్రకటించింది కానీ, మన అవసరం వేరు. అప్పుడు మన రాష్ట్రంతో సహా దక్షిణాదిలో ఇంజినీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి, చెప్పేవాళ్లు లేరు. ఐఐటీ ప్రొఫెసర్ నల్లబల్ల ముందు నిలబడి చెప్పిన నలభై గంటల పాఠం చిన్న పట్టణం కాలేజీలో నిన్న బీటెక్ అయి ఇవాళ లెక్చరర్ అయిన కుర్రాడికి కూడా పాఠమే అయింది. ఇది చాలామంది రాయని ప్రభావం. వెబ్ మొదట మార్చింది విద్యార్థిని కాదు, టీచర్‌ను. రాత్రి తాను చూసి, పొద్దున తరగతిలో చెప్పేవాళ్లు ఎంతోమంది. 2014 నుంచి ఆన్‌లైన్ కోర్సులకు సర్టిఫికెట్ వచ్చింది. అసైన్‌మెంట్లు వారం వారం ఆన్‌లైన్‌లో, చివరి పరీక్ష మాత్రం మనిషి వెళ్లి కేంద్రంలో రాయాలి. కాలేజీల్లో లోకల్ చాప్టర్లు, గుర్తు చేసే మెంటర్లు. పేరు నమోదు చేసుకున్నవారిలో పరీక్ష దాకా వచ్చేది కొద్దిమందే. వచ్చినవాళ్ల వెనక మాత్రం ఒక ల్యాబ్, ఒక మెంటర్, ఒక పరీక్షా కేంద్రం ఉన్నాయి. అందుకునే అంచును కాలేజీ మోసింది.

పక్క దేశంలో కూడా ఇదే కాలం. ఇగ్నో కంటే పదేళ్లు ముందే, 1974లో, ఇప్పుడు అల్లామా ఇక్బాల్ పేరుతో ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని పాకిస్తాన్ పెట్టుకుంది. 2002లో వర్చువల్ యూనివర్సిటీ మొదలుపెట్టి, పాఠాలను టీవీ ఛానెళ్లలోను ఇంటర్నెట్‌లోను ఇచ్చింది. దక్షిణాసియా మీద ప్రశ్న వస్తే ఈ పోలిక పనికొస్తుంది: ఇంజినీర్లు, టీచర్ల కొరత, సరిపోని సీట్లు రెండు చోట్లా ఒకటే, వెతుక్కున్న దారి కూడా ఒకటే.

మలుపు: 2016, 2017

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. డేటా ధర పడిపోయింది. సరిగ్గా ఏడాదికి, 2017 సెప్టెంబర్ 5న, ఉపాధ్యాయ దినోత్సవం రోజు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు దీక్షను ప్రారంభించారు. అంతకు రెండు నెలల ముందు, జులై 9న, రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ స్వయం, స్వయంప్రభలను ప్రారంభించారు. స్వయంలో చదివిన క్రెడిట్లను యూనివర్సిటీలు మొదట 20 శాతం దాకా, 2021 నిబంధనల తర్వాత 40 శాతం దాకా లెక్కలోకి తీసుకోవచ్చు. స్వయంప్రభ 32 డీటీహెచ్ ఛానెళ్లతో మొదలైంది, అంటే ఇంటర్నెట్ లేనివారికి టీవీ ఉంటుందన్న లెక్క అప్పటికి ఉంది.

దీక్ష చేసిన పని చిన్నగా కనిపిస్తుంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకంలో పాఠం పక్కన ఒక క్యూఆర్ కోడ్. దాన్ని స్కాన్ చేస్తే వీడియో, అభ్యాసాలు. ఇప్పుడు మన ప్రశ్నను ఇక్కడ పెట్టి చూడండి. పుస్తకం ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది. అందులోని నల్ల చదరం తెరవడానికి కావాల్సిన ఫోన్, నెల నెలా రీచార్జ్, సిగ్నల్ మాత్రం ఇంటివి. అదే తరగతిలో, అదే పుస్తకంతో, ఒక పిల్లకు పాఠం రెండు పొరలు, పక్క పిల్లకు ఒక్కటే పొర. 1975లో టీవీ పాడైతే ఊరందరికీ పాఠం పోయేది. 2017 తర్వాత పోయేది ఫోన్ లేని పిల్లకు మాత్రమే, అది కూడా ఎవరికీ తెలియకుండా. దీక్ష చెడ్డదని కాదు. టీచర్లకు అది గొప్ప నిధి. కానీ ఖర్చు చేతులు మారింది ఇక్కడే.

లాక్‌డౌన్ బయటపెట్టింది

లాక్‌డౌన్ ఈ తేడాను సృష్టించలేదు, కనిపించేలా చేసింది. 2017-18 నాటి ఎన్‌ఎస్‌ఎస్ 75వ రౌండ్ అంకెలు గుర్తుపెట్టుకోండి. గ్రామాల్లో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు 4.4 శాతం, పట్టణాల్లో 23.4. ఇంటర్నెట్ సౌకర్యం గ్రామాల్లో 14.9, పట్టణాల్లో 42. ఈ అంకెలున్న దేశం 2020 మార్చిలో బడి తలుపులు మూసి పాఠం కొనసాగిస్తామంది. మేలో పీఎం ఈ-విద్య ప్రకటించారు. జులై 29న జాతీయ విద్యావిధానం ఆమోదం పొందింది. అందులో ఆన్‌లైన్ విద్యకు విడిగా ఒక అధ్యాయమే ఉంది, డిజిటల్ అంతరం తొలగకపోతే దాని ప్రయోజనాలు అందవని కూడా ఒప్పుకుంది.

2018లో 36.5 శాతం బడి పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంటే, 2020 నాటికి అది 61.8కి పెరిగిందని గ్రామీణ ప్రాంతాలపై అసర్ నివేదిక చెప్పింది. ఈ అంకెను ప్రగతి అని రాసేవాళ్లున్నారు. ఉపాధి పోయిన ఏడాదిలో బడి కోసం ఫోన్ కొన్న కుటుంబాలు వాటిలో ఎన్నో. దాన్ని కుటుంబాలపై పడ్డ కొత్త ఫీజుగా కూడా చదవవచ్చు.

రాష్ట్రాలు ఒకేలా స్పందించలేదు. కేరళ 2020 జూన్ 1న ఫస్ట్ బెల్ మొదలుపెట్టింది, ప్రధానంగా విక్టర్స్ టీవీ ఛానెల్‌లో. టీవీ లేని పిల్లలకు గ్రంథాలయాల్లో, కుటుంబశ్రీ లాంటి చోట్ల ఉమ్మడి కేంద్రాలు పెట్టింది. ఇది రాత్రికి రాత్రి జరిగింది కాదు. 2001 నుంచి ఐటీ@స్కూల్ అనే ప్రభుత్వ ప్రాజెక్టు అక్కడ టీచర్లకు శిక్షణ ఇస్తూ, ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుతూ వచ్చింది. ఆ కేరళలో కూడా మొదటి రోజుల్లో పాఠం అందని పిల్లలున్నారు. తెలంగాణ సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలుపెట్టింది. వెబ్ కాలంలో చివరికి చాలా రాష్ట్రాలు మళ్లీ టీవీ వైపే చూశాయి.

కశ్మీర్ కథ వేరే. 2019 ఆగస్టు నుంచి అక్కడ ఇంటర్నెట్ ఆగింది. 2020 జనవరిలో మొబైళ్లకు 2జీ మాత్రమే తిరిగి వచ్చింది. 4జీ అంతటా వచ్చేది 2021 ఫిబ్రవరిలో. అంటే దేశమంతా వీడియో క్లాసులు వింటున్న ఏడాదంతా, రెండు జిల్లాలు కాస్త ముందు మినహాయింపు పొందడం తప్ప, అక్కడి పిల్లలు 2జీతో నెట్టుకొచ్చారు. ఫోన్ ఉన్నా సరే. పరికరం ఇంటిదైనా తీగ ప్రభుత్వం చేతిలో ఉంటుంది. రాజస్థాన్‌లో 2021 టీచర్ అర్హత పరీక్షకు కాపీ ఆపడానికి చాలా జిల్లాల్లో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. టీచర్లను ఎంపిక చేసే పరీక్షకు, చదువు అందించే తీగ కోయడం!

హక్కా, సౌకర్యమా?

ఇక్కడ చాలామంది తప్పు రాస్తారు కాబట్టి కాస్త ఆగండి. 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు ఇంటర్నెట్ ప్రాథమిక హక్కు అని ప్రకటించలేదు. ఇంటర్నెట్ ద్వారా వాడుకునే భావప్రకటన స్వేచ్ఛకు 19(1)(ఎ), వృత్తి వ్యాపారాలకు 19(1)(జి) కింద రక్షణ ఉందని చెప్పింది. ఇంటర్నెట్ అందుబాటును చదువు హక్కుతో నేరుగా ముడిపెట్టింది కేరళ హైకోర్టు, 2019 సెప్టెంబర్‌లో, ఫహీమా షిరిన్ కేసులో. హాస్టల్‌లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్ వాడకూడదన్న నియమాన్ని ఆమె ఒప్పుకోలేదు, హాస్టల్ నుంచి తీసేశారు. విద్యాహక్కు, గోప్యత హక్కులో భాగంగా ఇంటర్నెట్ అందుబాటు 21వ అధికరణ కిందికి వస్తుందని కోర్టు చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమంది. అయితే అది హైకోర్టు తీర్పు. పైగా చేతిలో ఉన్న ఫోన్‌ను ఆపవద్దని చెప్పింది, లేనివారికి ఇవ్వమని కాదు.

ఇవ్వమన్న తీర్పు ఢిల్లీ హైకోర్టుది. 2020 సెప్టెంబర్ 18న జస్టిస్ ఫర్ ఆల్ కేసులో, ఆన్‌లైన్ క్లాసులు పెట్టుకున్న బడులు తమ దగ్గర చదివే పేద పిల్లలకు పరికరం, ఇంటర్నెట్ ప్యాకేజీ ఇవ్వాలని, ప్రైవేటు బడులు ఆ ఖర్చును ప్రభుత్వం నుంచి తిరిగి కోరవచ్చని చెప్పింది. విద్యాహక్కు చట్టం మూడో సెక్షన్ ఒకసారి తీసి చదవండి. ప్రాథమిక విద్య పూర్తిచేయడానికి అడ్డొచ్చే ఏ ఫీజు, ఏ ఖర్చు పిల్లల నుంచి వసూలు చేయకూడదని ఉంది. అదే చట్టం షెడ్యూల్‌లో గది, మరుగుదొడ్డి, గ్రంథాలయం, ఆటస్థలం ఉన్నాయి. కంప్యూటర్ గానీ ఇంటర్నెట్ గానీ లేదు. 2009లో రాసిన చట్టం కదా. ఈ ఖాళీలోనే ఆ కేసు పుట్టింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.

ప్రభుత్వమే పరికరం కొంటే సమస్య తీరుతుందా? దానికీ మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకు నాలుగున్నర లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది, టీచర్లకు కూడా. పరికరం ఖర్చును మళ్లీ ఇంటి నుంచి ప్రభుత్వం మీదికి తెచ్చిన అరుదైన పని అది, దాన్ని తక్కువ చేయకూడదు. అందులోని పాఠాలు మాత్రం బైజూస్‌వి. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 1976లో వెనక్కి వెళ్లిపోయిన ఉపగ్రహాన్ని గుర్తుంచుకోమన్నది ఇందుకే. అప్పుడు పాఠం మనది, యంత్రం ఇంకొకరిది. ఇప్పుడు యంత్రం మనది, పాఠం ఇంకొకరిది.

ఫోన్లు రోజురోజుకూ చవకవుతున్నాయి, పదేళ్లలో ఈ చర్చే ఉండదని మీరు అనవచ్చు. నిజానికి 2023లో 14 నుంచి 18 ఏళ్లవారిపై చేసిన అసర్ సర్వేలో దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. అయితే వాడడం వచ్చిన అబ్బాయిల్లో సొంత ఫోన్ ఉన్నవారు 43.7 శాతం, అమ్మాయిల్లో 19.8. ఇంటికి ఫోన్ వచ్చింది, అది ఎవరి చేతిలో ఉందన్నది ఇంటి లోపలి ప్రశ్న అయింది. బడిలోని టీవీ ముందు అమ్మాయి, అబ్బాయి ఒకే వరుసలో కూర్చునేవారు. 2024 సర్వేలో 14 నుంచి 16 ఏళ్లవారిలో అంతకుముందు వారం ఫోన్‌ను చదువుకు వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం.

బడి వైపు చూస్తే, ఇంటర్నెట్ ఉన్న బడులు 2021-22 యూడైస్ ప్లస్ లెక్కల్లో 33.9 శాతం, 2024-25లో 63.5. పెరుగుదల వేగంగానే ఉంది. అయినా మూడోవంతుకు పైగా బడుల్లో, దీక్ష మొదలైన ఎనిమిదో ఏడు కూడా, పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలంటే టీచర్ తన జేబులోంచి సొంత ఫోన్ తీయాల్సిందే. ఆ డేటా రీచార్జ్ కూడా ఆమెదే.